అమరావతి స్తూపానికి విజయవాడ నుంచి ఒక్క పూట ప్రయాణం: ఏది ముందు చూడాలి, ఏది తరవాత

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: విజయవాడ సత్యనారాయణపురం నుంచి సొంత కారులో తెల్లవారుజామున బయలుదేరి అమరావతి స్తూపం చూసి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరాలి. వెంట 68 ఏళ్ళ అమ్మగారు (మోకాళ్ళ నొప్పులు), 8, 12 ఏళ్ళ పిల్లలు. ఇంతకుముందు ఒకసారి వెళ్తే "గడ్డి మొలిచిన దిబ్బ తప్ప ఏం లేదు" అనిపించింది. ఈసారి వెళ్ళినందుకు ఏదైనా చూశామన్న తృప్తి ఉండాలి.

ఈ పాత బౌద్ధ స్తూపం దిబ్బలా అనిపించడం మీ తప్పేం కాదు. నిజంగానే అక్కడ మిగిలింది అంతే. స్తూపానికి తొడిగిన చెక్కడపు రాళ్ళు ఊడిపోయి రెండు శతాబ్దాలు దాటింది. కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియం 33ఏ గదిలో ఉన్నాయి. కొన్ని స్తూపం పక్కనే ఉన్న మ్యూజియంలో ఉన్నాయి. చాలావరకు సున్నం బట్టీల్లో కాలిపోయాయి. కాబట్టి అమరావతిలో "వెళ్ళి చూసి రావడం" కుదరదు. చోటు ఒక దగ్గర, రాళ్ళు ఒక దగ్గర. రెంటినీ కలుపుకోవాల్సింది చూసేవాళ్ళే. అందుకే ఇక్కడ ఎంతసేపు ఉన్నారన్నదాని కంటే ఏ వరసలో చూశారన్నది ముఖ్యం. చాలామంది అమరలింగేశ్వరుడి గుడికి వెళ్ళి, భోంచేసి, ఎండ నడినెత్తికొచ్చాక స్తూపం గేటు దగ్గర దిగుతారు. ఐదు నిమిషాల్లో తిరుగుముఖం పడతారు. మ్యూజియం అసలు చూడరు. పోయినసారి మీకూ బహుశా ఇదే జరిగి ఉంటుంది.

ముందుగా ఏ రోజు వెళ్ళాలన్న సంగతి. మీరు ఆదివారం అనుకుంటున్నారు కాబట్టి ఇబ్బంది లేదు. కానీ ఇది చదివే మిగతావాళ్ళ కోసం: అమరావతిలోని కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియానికి శుక్రవారం సెలవు. శుక్రవారం వెళ్తే సగం కాదు, ముప్పాతిక వంతు ప్రయాణం దండగ. కార్తిక సోమవారాలు, మహాశివరాత్రి కూడా వదిలేయండి. అక్కడి గుడి పంచారామాలనే ఐదు శివక్షేత్రాల్లో ఒకటి. కార్తికంలో ఆర్టీసీ వాళ్ళు ఐదు ఆరామాలూ ఒక్కరోజులో తిప్పే ప్రత్యేక బస్సులు వేస్తారు, ఆ బస్సులన్నీ మొదట ఆగేది ఇక్కడే, అదీ మీరు చేరే వేళకే. భక్తి కోసమైతే ఆ రోజే వెళ్ళండి, స్తూపం కోసమైతే వద్దు. కాలం సంగతి చెప్పాలంటే నవంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి చివరి దాకా హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో అయితే పదిన్నరకల్లా ఆరుబయట పని ముగించాలి. స్తూపం చుట్టూ నీడనిచ్చే చెట్లు తక్కువ, ఇటుకా రాయీ కలిసి పెనంలా కాగుతాయి.

ఇక దారి. మొట్టమొదట, ఫోన్లో మ్యాపు పెట్టుకునేటప్పుడు ఒట్టి "అమరావతి" అని కొట్టకండి. అది మిమ్మల్ని రాజధాని ప్రాంతంలో, వెలగపూడి సచివాలయం చుట్టుపక్కల ఎక్కడో దింపుతుంది. అక్కణ్ణుంచి పాత అమరావతి ఊరు ఇంకా ఇరవై కిలోమీటర్ల దాకా ఉంటుంది. "అమరలింగేశ్వరస్వామి ఆలయం" అనో, "అమరావతి పురావస్తు మ్యూజియం" అనో వెతకండి. బయటి రాష్ట్రాల నుంచి వచ్చే బంధువులకైతే ఇంకో మాట ముందే చెప్పండి: రైల్వే టికెట్లలో కనిపించే అమరావతి మహారాష్ట్రలోది. మన అమరావతిలో రైల్వే స్టేషను లేదు, దిగాల్సింది విజయవాడలోనో గుంటూరులోనో. (పాత అమరావతి మండలం 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు జిల్లాలో ఉంది. తిరుగు దారిలో గుహలు చూడదగ్గ ఉండవల్లి మాత్రం గుంటూరు జిల్లాలోనే ఉంది. రాజధాని పేరు ఇచ్చిన ఊరు ఒక జిల్లాలో, రాజధాని ఇంకో జిల్లాలో.)

విజయవాడ నుంచి కారుకు దగ్గర దారి ప్రకాశం బ్యారేజీ దాటి సీతానగరం, ఉండవల్లి మీదుగా, కృష్ణ కరకట్ట పక్కగా వెంకటపాలెం, మందడం, రాయపూడి వైపు వెళ్ళి, ఆపైన పశ్చిమంగా అమరావతి చేరడం. ఒకవైపు సుమారు 35 నుంచి 40 కిలోమీటర్లు. తెల్లవారుజామున గంటా పావు చాలు. అదే దారిలో తొమ్మిది దాటాక వెళ్తే గంటన్నరకు తగ్గదు. రాజధాని పనుల కంకర లారీలు, టిప్పర్లు రోడ్డెక్కేది అప్పుడే. పొద్దున్నే బయలుదేరమనడానికి ఎండ ఒక కారణమైతే లారీలు రెండోది. కరకట్ట రోడ్డు చాలాచోట్ల సన్నం. ఎదురుగా టిప్పరొస్తే మీరే మార్జిన్‌లోకి దిగాలి. డిసెంబరు, జనవరిల్లో నది మీది నుంచి మంచు దట్టంగా పడుతుంది, ఆ రోజుల్లో మసక వెలుతురు వచ్చాకే బ్యారేజీ దాటండి. హెడ్‌లైట్లు డిమ్‌లోనే ఉంచండి, హైబీమ్ వేస్తే మంచు తెరలా అడ్డుపడి ఏమీ కనపడదు.

వర్షాకాలంలో ఇంకో జాగ్రత్త. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఎగువ నుంచి నీళ్ళు వదిలితే కరకట్ట దారిని నమ్ముకోకూడదు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వచ్చింది. అలాంటి రోజుల్లో బ్యారేజీ మీద రాకపోకలు ఆపేస్తారు. వరద హెచ్చరిక ఉంటే ప్రయాణం మరో వారానికి వాయిదా వేయడం మేలు. నది మామూలుగా ఉండి వాన మాత్రమే ఉంటే కనకదుర్గ వారధి మీదుగా హైవే ఎక్కి, గుంటూరు వెళ్ళి, అక్కణ్ణుంచి లాం మీదుగా అమరావతి చేరొచ్చు. దూరం రెట్టింపు అవుతుంది గానీ రోడ్డు నమ్మదగింది.

గుంటూరువాళ్ళకు ఇది ఇంకా తేలిక. లాం మీదుగా 35 కిలోమీటర్ల లోపే. గుంటూరు బస్టాండు నుంచి పల్లెవెలుగు బస్సులు తరచూ ఉంటాయి. విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ నుంచి కూడా బస్సులున్నాయి గానీ ఊళ్ళన్నీ ఆగుతూ వెళ్తాయి కాబట్టి కారు కంటే బాగా ఎక్కువసేపు పడుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్ళకు చార్జీ లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చేతిలో ఉండాలి, సున్నా టికెట్టు అడిగి తీసుకోవాలి. బస్సులో వెళ్ళేవాళ్ళు వచ్చే దారిలో ఉండవల్లి కూడా చూద్దామని ఆశపడొద్దు. ఒక్క పూటలో రెండూ అంటే సొంత బండి ఉండాల్సిందే.

మీ సంగతికి వస్తే, 5.15కి ఇంటి దగ్గర బండి కదలాలి. జనవరి మధ్యలో మన దగ్గర సూర్యోదయం 6.40 ప్రాంతంలో, మే చివర 5.35 ప్రాంతంలో అవుతుంది. కాబట్టి చలికాలంలో 5.15 అంటే పూర్తి చీకటి, ఎండాకాలంలో తెల్లవారుతున్న వేళ. ఎండాకాలంలో ఇంకో అరగంట ముందే బయలుదేరండి. కారులో ఉండాల్సినవి: మనిషికి లీటరున్నర నీళ్ళు, అమ్మగారికి మడత కుర్చీ ఒకటి (చిన్నదే, కానీ ఈ ప్రయాణంలో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది అదే), పిల్లలకు టోపీలు, గుళ్ళోకి వెళ్ళేటప్పుడు తీసి పెట్టుకోవడానికి తేలికైన చెప్పులు. బూట్లు వద్దు. మొత్తం రానూపోనూ ఎనభై, తొంభై కిలోమీటర్లు, మామూలు కారుకు ఆరు లీటర్ల పెట్రోలు సరిపోతుంది.

ముందురోజు రాత్రి పావుగంట పని ఒకటి ఉంది, దయచేసి మానొద్దు. అమరావతి శిల్పాల్లో ఒక రకం ఫలకాలున్నాయి. వాటి మీద చెక్కింది ఆ స్తూపం బొమ్మే. అంటే స్తూపం అండం (గుమ్మటం) కింది భాగానికి తొడిగిన రాళ్ళ మీద ఆ స్తూపాన్నే చిన్నదిగా చెక్కారు. గుమ్మటం, దాని ముందు ఐదేసి స్తంభాలు, చుట్టూ కంచె లాంటి ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, పైన ఎగిరే దేవతలు, అన్నీ ఉంటాయి. బ్రిటిష్ మ్యూజియం ఫలకం ఫొటో ఒకటి ఇంటర్నెట్‌లో సులభంగా దొరుకుతుంది. దాన్ని ఫోన్లో దాచుకుని పిల్లలకు చూపించండి. రేపు దిబ్బ దగ్గర నిలబడినప్పుడు మీ చేతిలో ఉండాల్సిన ప్లాను అదే. అంతకంటే మంచి గైడు దొరకడు.

6.30కి ఊరు చేరతారు. ముందు గుడి. ఇది భక్తి లెక్క మాత్రమే కాదు, టైం లెక్క కూడా. గుడి పొద్దున్నే తెరిచి మధ్యాహ్నం మూసేస్తారు, మ్యూజియం తీసేది మాత్రం పొద్దెక్కాక. అమరలింగేశ్వరుడి లింగం తెల్లగా, పదిహేను అడుగుల ఎత్తుంటుంది. అర్చకులు ఎత్తు మీదికి ఎక్కి అభిషేకం చేస్తారు. లింగం పెరిగిపోతుంటే పైన మేకు కొట్టారనీ, రక్తం కారిందనీ చెప్పే కథ పిల్లలు వినే ఉంటారు, లేకపోతే అక్కడ ఎవరో ఒకరు చెప్తారు. ఆదివారం ఏడులోపు వెళ్తే దర్శనం నింపాదిగా అవుతుంది. అమ్మగారికి మెట్లు కాస్త కష్టం, తొందరపెట్టకండి.

స్తూపం కోసం వచ్చినవాళ్ళు గుళ్ళో గమనించాల్సిన సంగతి ఒకటి ఉంది. ఈ ఆలయపు స్తంభం మీద 1182 నాటి కోట కేతరాజు శాసనం ఉంది. ధాన్యకటకంలో (అమరావతి పాత పేరు) అమరేశ్వరుడు ఉన్నాడని చెప్తూనే, అదే ఊళ్ళో చాలా ఎత్తైన బుద్ధుడి చైత్యం ఉందని కూడా చెప్తుంది. బుద్ధుడికి ఊళ్ళూ అఖండదీపాలూ దానమిచ్చిన లెక్క కూడా అందులో ఉంది. అంటే 12వ శతాబ్దంలో కూడా అది దిబ్బ కాదు. శ్రీలంకలోని గడలాదెణియ శాసనం (1344) ప్రకారం సింహళ భిక్షువు ధర్మకీర్తి ధాన్యకటకంలో రెండంతస్తుల మందిరాన్ని బాగుచేయించాడు. గుడీ స్తూపమూ ఒకదాని పక్కన ఒకటి వందల ఏళ్ళు బతికాయి. ఒకరు కూల్చి ఇంకొకరు కట్టారన్న వాదనలు వినేముందు ఈ రెండు తేదీలు గుర్తుంచుకుంటే మంచిది.

గుడి వెనక రేవులో కాళ్ళు కడుక్కోవడం వరకు సరే. పిల్లల్ని దిగనివ్వకండి. ఇక్కడ కృష్ణ బ్యారేజీ వెనకనీళ్ళతో చెరువులా కదలకుండా కనిపిస్తుంది. అదే మోసం. ఇసుక తవ్విన గుంతలు అడుగున ఎక్కడున్నాయో పైకి తెలియదు, మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో నిలువు లోతుకు పోతారు.

టిఫిను 7.45కి గుడి వీధిలోనే కానివ్వండి. ఇడ్లీ, గారె, పెసరట్టు ఉప్మా దొరుకుతాయి. గొప్ప టిఫినేం కాదు, కానీ వేడిగా ఉంటుంది. ఊరు దాటాక దారిలో తిందామంటే సరైన చోటు దొరకదు. ఆ తరవాత 125 అడుగుల ధ్యానబుద్ధుణ్ణి చూపిస్తే పిల్లలు సంతోషిస్తారు. అది ఈ కాలంలో కట్టింది, ఫొటోకు బాగుంటుంది. ఇరవై నిమిషాలకు మించి ఇవ్వకండి. సగం మంది దీన్నే "అమరావతి బుద్ధుడు" అనుకుని, అసలు స్తూపం చూడకుండానే వెళ్ళిపోతారు.

ఇప్పుడు స్తూపం. 9 గంటలకు అక్కడ ఉండండి. ఊళ్ళోవాళ్ళు ఒకప్పుడు దీన్ని దీపాలదిన్నె అనేవాళ్ళు. లోపలికి అడుగుపెట్టగానే దిబ్బ వైపు నడవకండి. బయటి వలయం దగ్గర ఆగండి. విరిగిన రాతి స్తంభాల మొదళ్ళు గుండ్రంగా వరసలో కనిపిస్తాయి. అదే ప్రాకారం గీత. ఆ వలయం వ్యాసం దాదాపు 192 అడుగులు, చుట్టుకొలత 600 అడుగుల పైమాట. లోపలి స్తూపం అడుగు వ్యాసం 160 అడుగుల పైచిలుకు, అంటే 49 మీటర్ల దాకా. సాంచీ పెద్ద స్తూపం 36.6 మీటర్లే. రెంటి నడుమ మిగిలిన పదిహేను అడుగుల సందే ప్రదక్షిణ పథం. పిల్లల్ని ఆ సందులో ఒక చుట్టు అడుగులు లెక్కపెడుతూ నడవమనండి. దిబ్బ సైజు కళ్ళకు తెలియదు, కాళ్ళకు తెలుస్తుంది. నడక ఎడమ నుంచి కుడికి, అంటే గుళ్ళో లాగే స్తూపం మీ కుడిచేతి వైపు ఉండాలి.

నడుస్తూ నాలుగు దిక్కుల్లోనూ ముందుకు పొడుచుకొచ్చిన అరుగులు గమనించండి. వాటినే ఆయక వేదికలంటారు. ఒక్కో దాని మీద ఐదు స్తంభాలు నిలిచేవి, బుద్ధుడి పుట్టుక, ఇల్లు వదలడం, బోధి (జ్ఞానోదయం), మొదటి ఉపదేశం, నిర్వాణం, ఈ ఐదింటికీ గుర్తుగా అని వివరిస్తారు. సాంచీలో ఇవి ఉండవు. కృష్ణా లోయ స్తూపాల ప్రత్యేకత ఇది, నాగార్జునకొండలోనూ చూస్తారు. ఇక్కడ ఫోన్లోని ఫొటో తీయండి. ఫలకం మీద గుమ్మటం ముందు నిలబడిన ఐదు స్తంభాలు ఇవే, కింది కంచె మీరు ఇప్పుడు నిలబడ్డ వలయమే. ఒక్కో భాగానికీ నేల మీద దాని చోటు చూపించండి. ఈ పది నిమిషాల పని చేస్తే దిబ్బ మళ్ళీ దిబ్బలా కనపడదు.

మధ్యలో అండం ఏమైందని పిల్లలు తప్పకుండా అడుగుతారు. జవాబు ఇదీ. 1790ల్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి తన రాజధానిని ఇక్కడికి మార్చి ఊరు కట్టించాడు. కట్టడాలకు ఇటుక, రాయి కావాలి. దీపాలదిన్నెలో అవి సిద్ధంగా దొరికాయి. కొన్ని రాళ్ళు గోడల్లోకి, మెట్లలోకి పోయాయి, కొన్ని సున్నానికి పోయాయి. పల్నాటి సున్నపురాయి కదా, కాల్చితే మంచి సున్నం వస్తుంది. శిల్పాలు బట్టీకి ఎక్కడానికి కారణం ఆ రాయే. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ 1797లో మొదటిసారి వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వడం మొదలుపెట్టి ఉన్నారు. అతని మనుషులు గీసిన బొమ్మలే లేకపోతే చాలా ఫలకాల సంగతి మనకు తెలిసేదే కాదు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్ళు మద్రాసు పంపాడు, వాటిలో చాలావరకు 1859లో లండన్ ఓడెక్కాయి. 1877లో సూయెల్, 1881-82లో బర్జెస్ అనే మరో ఇద్దరు బ్రిటిష్‌వాళ్ళు తవ్వారు. ఒక్కో తవ్వకంతో రాళ్ళు బయటపడ్డాయి, రాళ్ళ పొందిక పోయింది. తప్పు ఒక్కరిమీద మోపి కథ ముగించడం తేలికే గానీ, చెడగొట్టిన చేతులు చాలా ఉన్నాయి, దేశీవీ విదేశీవీ.

అమ్మగారికి ఇక్కడ ఇబ్బంది లేదు, నేల దాదాపు సమంగా ఉంటుంది. కుర్చీ వేసుకుని తూర్పు పక్క కూర్చోబెట్టండి. ఇటుక కట్టు మీదికి పిల్లల్ని ఎక్కనివ్వకండి, రక్షిత కట్టడం కాబట్టి కాపలావాళ్ళు కేకలేస్తారు, వాళ్ళది న్యాయమే. ఇటుక ముక్క ఒక్కటి కూడా జేబులో వేసుకోనివ్వకండి.

10 గంటలకు మ్యూజియం. టికెట్టు 5 రూపాయలు, పదిహేనేళ్ళ లోపు పిల్లలకు లేదు. చిన్నదే, అంతా కింది అంతస్తులోనే, గంట చాలు. లోపల ఫొటోలకు ముందు అడగండి, ఫ్లాష్ మాత్రం వద్దే వద్దు. ఆవరణలో ప్రాకారం ముక్కను స్తంభాలు, అడ్డకమ్మీలు, పైన దూలంతో సహా మళ్ళీ నిలబెట్టారు. గ్యాలరీల కంటే ముందు దాని దగ్గరికే వెళ్ళండి. ఇప్పుడే వలయం మీద నడిచొచ్చారు కాబట్టి ఆ వలయం ఎంత ఎత్తు లేచేదో ఇక్కడ తెలుస్తుంది. స్తంభాల మీద విచ్చుకున్న తామరల పతకాలు, పై దూలం మీద పొడవాటి పూలదండను మోసే మనుషులు కనిపిస్తారు. ఆ దండ స్తూపం చుట్టూ తెగకుండా సాగేదని ఊహించుకోండి.

లోపల ఫలకాలు చూసేటప్పుడు ఒక్క కిటుకు తెలిస్తే చాలు. పాత శిల్పాల్లో బుద్ధుడు మనిషి రూపంలో ఉండడు. ఖాళీ ఆసనం, దాని వెనక రావిచెట్టు ఉంటే బోధి. చక్రం ఉంటే ఉపదేశం. స్తూపం ఉంటే నిర్వాణం. పాదాల జత ఉంటే అక్కడ ఆయన నిలబడ్డాడని. రౌతు లేని గుర్రం మీద గొడుగు పట్టి నడిపిస్తుంటే, సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్తున్నాడని. తరవాతి కాలపు ఫలకాల్లో మనిషి రూపం వస్తుంది. "ఇందులో బుద్ధుడెక్కడ?" అని పిల్లల్ని వెతకమనండి, 12 ఏళ్ళ బిడ్డకు పది నిమిషాల్లో పట్టుబడుతుంది, పెద్దవాళ్ళకు కాస్త ఎక్కువసేపు పట్టొచ్చు. చిన్నవాడికి విసుగొస్తే ముక్కలతో అతికించిన నంది దగ్గరికి తీసుకెళ్ళండి.

ఫలకాల అంచుల్లో బ్రాహ్మీ లిపిలో ప్రాకృత శాసనాలున్నాయి. చాలావరకు దాతల పేర్లు: గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు, వాళ్ళ కూతుళ్ళు, అక్కచెల్లెళ్ళు. వాటిలో ఒకటి చర్మకారుడు విధికుడు ఇంటిల్లిపాదితో కలిసి పూర్ణఘట (నిండు కలశం) ఫలకం ఇచ్చాడని చెప్పేది. 2018లో ఆంధ్రప్రదేశ్ కొత్త రాజముద్రకు తీసుకున్న పూర్ణఘటకం ఈ అమరావతి శిల్పాల నుంచి వచ్చిందే. పిల్లల పాఠ్యపుస్తకం అట్ట మీద ముద్ర ఉంటే చూపించి, దీని వెనక ఒక చెప్పులు కుట్టే మనిషి పేరుందని చెప్పండి. తొలి తెలుగు మాటగా చాలామంది ఎత్తిచూపే "నాగబు" దొరికింది కూడా అమరావతి రాతి మీదే. దాని మీద పండితుల్లో వాదాలున్నాయి గానీ, ఆ రాయి ఈ ఊరిదన్నదాంట్లో వాదం లేదు.

మ్యూజియం నుంచి బయటికొచ్చాక ఐదు నిమిషాలు మళ్ళీ స్తూపం గేటు దాకా వెళ్ళి చూడండి. ఎండ లేకపోతేనే. పొద్దున చూసిందీ ఇప్పుడు చూసేదీ ఒకటి కాదు.

11.10కి బయలుదేరితే 12.15కి ఉండవల్లి. ఇది ఐచ్ఛికం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అయితే ఆగండి, మిగతా కాలంలో నేరుగా ఇంటికి వెళ్ళి, మరో ఆదివారం పొద్దున తొమ్మిదికి దీనికోసమే రండి, బ్యారేజీ అవతలే కదా. టికెట్టు 25 రూపాయలు, ఫోన్‌తో కడితే 5 తగ్గుతుంది, పదిహేనేళ్ళ లోపు పిల్లలకు ఉచితం. కొండను తొలిచి నాలుగంతస్తులు చేశారు. విష్ణుకుండిన రాజుల కాలం, అంటే 4, 5 శతాబ్దాల నాటిదిగా చెప్తారు. కింది అంతస్తు పూర్తికాలేదు. అందరూ వెతికే అనంతశయన విష్ణువు మూడో వరసలో ఉన్నాడు, ఐదు మీటర్ల పొడవు. లోపలి మెట్లు ఇరుకు, నిటారు, గబ్బిలాల వాసన ఉంటుంది. అమ్మగార్ని ఎక్కించే ప్రయత్నం చేయకండి, ముందున్న తోటలో కూర్చోబెట్టండి. అక్కణ్ణుంచే అంతస్తుల ముఖం, పైన కూర్చున్న ఋషుల బొమ్మలు బాగా కనిపిస్తాయి. కోతులున్నాయి. చేతిలో తినుబండారాల సంచి, ప్లాస్టిక్ కవరు కనపడితే లాక్కుంటాయి, కారులోనే వదిలి దిగండి. లోపల చీకటి కాబట్టి ఫోన్ టార్చి వాడొచ్చు, కానీ పైకి వేసి గబ్బిలాల్ని లేపకండి.

12.50కి బయటపడితే ఒంటిగంటన్నరకు ఇంట్లో ఉంటారు. ఆదివారం మధ్యాహ్నం ఉండవల్లి సెంటర్, బ్యారేజీ మొదట్లో బండ్లు ఆగుతాయి, ఇంకో పావుగంట కలుపుకోండి. భోజనం ఒంటిగంటకే కావాలంటే ఉండవల్లి మానేయాలి, మ్యూజియం మాత్రం కుదించొద్దు.

మిగతా రాళ్ళు చూడాలనిపిస్తే లండన్ దాకా అక్కర్లేదు. చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి గ్యాలరీ పెద్దది. మదమెక్కిన నాలాగిరి ఏనుగు వీధిలో మనుషుల్ని తొక్కుతూ రావడం, అదే పతకంలో రెండో పక్క బుద్ధుడి ముందు మోకరిల్లడం చెక్కిన రాయి అక్కడే ఉంది. దానికీ శుక్రవారమే సెలవు. మీకు శుక్రవారం తప్ప ఇంకో రోజు దొరకదంటే మాత్రం ఆ రోజు ఉండవల్లి ఒక్కటే పెట్టుకోండి.